పొట్టలో పంపు, వాగు అవతల ఊరు

తాటిచెట్టు మీంచి పడి బతికిన గీత కార్మికుడి గురించి ఊరు మాట్లాడుకునేది పడ్డ రోజు వరకే. మోకు జారిందని ఒకరు, కాలు తప్పిందని ఒకరు చెప్పుకుంటారు. అంబులెన్సు వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి వైపు పోవడం చూస్తారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఏం జరుగుతుందో తెలిసింది ఇంటివాళ్లకే. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం గౌడులు కొలిచే కాటమయ్య పేరు మీద చెట్టెక్కేవాళ్లకు సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. చాలా మంచి పని. అంతకు ముందే పడ్డవాళ్లు మాత్రం ఇంకా మంచాల్లోనే ఉన్నారు.

అలా పడి వెన్నుపాము దెబ్బతిన్నవాళ్లలో చాలామందికి కొన్ని వారాలకో నెలలకో కాళ్లు బిగుసుకోవడం మొదలవుతుంది. కండరాలను అదుపులో ఉంచే మెదడు సంకేతాలు దెబ్బ దాటి కిందికి సరిగా రావు. కింది నరాలు మాత్రం చిన్న తాకిడికే కండరాన్ని గుంజేస్తుంటాయి. దుప్పటి తగిలినా కాళ్లు ఎగిరిపడతాయి. మోకాళ్లు ఒకదానికొకటి అతుక్కుపోయి స్నానం చేయించడం కూడా ఇద్దరి పని అవుతుంది. దీనికి డాక్టర్లు ముందుగా ఇచ్చేది బాక్లోఫెన్ గోలీ. గోలీలతో లొంగనప్పుడు కొందరికి అదే మందును నేరుగా వెన్నులోకి పంపే పంపును పొట్ట చర్మం కింద అమర్చవచ్చని చెబుతారు.

హనుమకొండలో ఒక ఇంట్లో ఇదే మాట మీద అక్కాతమ్ముళ్ల మధ్య వాదన నడుస్తోంది. అక్క ఆసుపత్రి వార్డుల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరైంది. తమ్ముడు ఫిజియోథెరపిస్టు. చెట్టు మీంచి పడ్డది వాళ్ల చెల్లెలి కొడుకు, ఇంకా ముప్పై నిండలేదు. ఊరు భూపాలపల్లి వైపు, మోరంచవాగు అవతల. ప్రస్తుతానికి తల్లితో పాటు మేనమామ ఇంట్లోనే ఉంటున్నాడు. పంపు గురించి ఆలోచించుకోమని హైదరాబాద్ డాక్టరు చెప్పి పంపాడు.

తమ్ముడు: అక్కా, పొద్దున పొద్దున నేనే వాని కాళ్లు సాపుతున్న. అరగంట కష్టపడి మోకాళ్లు విడదీస్త. జరసేపటికే మళ్ల బిగుసుకుంటయి. గోలీలు రోజుకు 80 మిల్లీగ్రాముల దాక పెంచిన్రు. కాళ్లు వదులు కాలే, మనిషి మాత్రం పొద్దంత నిద్రల ఉంటున్నడు. మాట్లాడుతుంటెనే కండ్లు మూతబడ్తయి. ఇంక గోలీలతోటి అయ్యేది లేదు. పంపు పెట్టిద్దాం.

అక్క: పెట్టిద్దాం అని నువ్వు ఒక్క మాట అంటివి. అది పెట్టేది ఒక్క రోజు. దాన్ని నడిపించేది వాని జీవితం మొత్తం. ఆ జీవితం లెక్క చెప్పు ముందు.

తమ్ముడు: లాభం లెక్క ముందు విను. గోలీ మింగితె మందు రక్తంల కలిసి ఒళ్లంత తిరుగుతది. వెన్నుపాము దాక పోయేది చాలా తక్కువ. ఆ తక్కువ కోసం డోసు పెంచుకుంట పోతె తల మత్తుగ అయితది, ఒళ్లు తూలుతది. పంపుల అట్ల కాదు. సన్నటి గొట్టం పొట్ట దగ్గరి నుంచి చర్మం కిందనే పక్కకు తిరిగి, వెన్నుపాము చుట్టూ ఉండే నీళ్లలకు పోతది. మందు పనిచేయాల్సిన చోటనే పడ్తది. అందుకే అక్కడ మిల్లీగ్రాముల లెక్క లేదు, మైక్రోగ్రాముల లెక్క. రోజుకు కొన్ని వందల మైక్రోగ్రాములు చాలు. ఇప్పుడు వాడు మింగేది 80 వేల మైక్రోగ్రాములు. తేడా నువ్వే చూడు.

అక్క: చూసిన. మందు మంచిది కాదని నేను ఎన్నడన్న అన్ననా? 1962ల సీబా కంపెనీల కెబర్లె అనేటాయన దాన్ని మూర్ఛరోగం కోసం తయారు చేసిండు. దానికి అంతగ పనికిరాలే, బిగుసుకున్న కండరాలకు పనికొచ్చింది. అమెరికాల చికాగో డాక్టర్లు పెన్, క్రోయిన్ దాన్నే వెన్నుల ఎక్కిస్తె ఫలితం ఉన్నదని 1984ల రాసిన్రు. 1992ల అక్కడి ఎఫ్‌డీఏ ఒప్పుకున్నది. కొత్తదని నాకు భయం లేదు. నా భయమంత ఆ మందు ఆగిపోయిన రోజు గురించి.

తమ్ముడు: ఆగిపోతె మళ్ల బిగుసుకుంటది. ఇప్పుడున్నట్లే అయితది.

అక్క: కాదు తమ్మీ, గక్కడనే పొరపాటు పడుతున్నవ్. ఇప్పుడున్నట్లు కాదు, ఇంతకు పదింతలు అయితది. వెన్నుల మందుకు అలవాటైన ఒంట్లె అది ఒక్కసారి బందయితె రెండు మూడు రోజుల లోపల్నే మొదలైతది. ముందు దద్దు లేకుండ దురద, ఆనెంక విపరీతమైన జ్వరం, మతి తప్పిన మాటలు. కండరాలు ఎంత గట్టిగ పట్టేస్తయంటె అవి కరిగి రక్తంల కలుస్తయి, కిడ్నీలు దెబ్బతింటయి. ప్రాణం కూడ పోవచ్చు. ఆ మందు వివరాల కాగితం మీద అమెరికాల నల్ల గీత గీసి హెచ్చరిక రాసేది దీని గురించే.

తమ్ముడు: హెచ్చరిక ఉన్నదంటె జాగ్రత్త పడాలని. ఇన్సులిన్ ఆగితె ప్రాణం పోయేటోళ్లు లేరా? ఇన్సులిన్ వద్దంటమా?

అక్క: ఇన్సులిన్ ఎంజీఎం ముంగట ఏ మెడికల్ షాపులనైన దొరుకుతది. పిల్లగాని తల్లి కూడ సూది వేయగలదు. వెన్నుల ఎక్కించే బాక్లోఫెన్ అట్ల దొరకది. దాన్ని పంపుల నింపాలంటె నేర్చినోళ్లు ఉండాలె, పైనుంచి పంపును నడిపే ప్రోగ్రామర్ ఉండాలె. అవి ఉన్న ఆసుపత్రికే పోవాలె. అసలు ఇంకో మాట చెప్త. రేపు శ్రావణంల వానికి జ్వరమొచ్చి, మాట తడబడి, ఊరి పక్క ఆసుపత్రికి తీసుకపోయిన్రనుకో. వానకాలం జ్వరం చూడంగనే డాక్టరుకు ఏం తోస్తది? డెంగీ అంటరు, మెదడుకెక్కిన మలేరియా అంటరు. రక్తం తీసి రిపోర్టు కోసం చూస్తరు. పొట్టల ఉన్న పంపు సంగతి ఎవరికి తడుతది? రిపోర్టు వచ్చేదాక అయ్యే ఆలస్యం వాని ప్రాణం మీదికొస్తది.

ఈ మాట దగ్గర తమ్ముడు కాసేపు ఏమీ అనలేదు. ఈ వాదనంతటిలో నన్ను ఎక్కువగా కదిలించింది కూడా ఇదే. పంపుల గురించి చదివేటప్పుడు ‘మందు ఆగితే ప్రమాదం’ అన్న వాక్యం ఎక్కడైనా కనిపిస్తుంది. ఆ ప్రమాదం ములుగు, భూపాలపల్లి అడవి అంచుల్లో, జ్వరాల కాలంలో ఇంకో జబ్బు వేషంలో వస్తుందని చెప్పడానికి వార్డులో రాత్రి డ్యూటీలు చేసిన మనిషే కావాలి.

తమ్ముడు: నువ్వు చెప్పింది నిజమే. కని దానికి ఉపాయం ఉన్నది. పంపు ఉన్నట్లు, ఏం మందు, ఎంత డోసు, ఎవరికి ఫోన్ చేయాల్నో రాసిన కార్డు మెడల వేస్తం. తెలుగుల ఒకటి, ఇంగ్లిషుల ఒకటి. ఇంట్ల గోలీల పెట్టె ఉంచుతం. పంపుల మందు అడుగుకు వస్తె అదే అలారం కొడ్తది.

అక్క: మందు అయిపోతె కొడ్తది. బ్యాటరీ అయిపోవస్తె కొడ్తది. గొట్టం విరిగితె? మడతబడితె? వెన్నుల నుంచి జారి బయటికొస్తె? పంపు తన పని తాను చేసుకుంట పోతది, మందు పోవాల్సిన చోటికి పోదు, అలారం కొట్టది. పంపు పెట్టినోళ్లల్ల గొట్టంతోటి వచ్చే ఇబ్బందులే ఎక్కువ. గోలీల పెట్టె ఉంచుడు మంచిదే, కని వెన్నుల పడాల్సిన మందుకు గోలీ అన్నిసార్లు సరిపోదు. పెద్దాసుపత్రికి చేరేదాక తోవ ఖర్చు లెక్క, గంతే.

తమ్ముడు: మరి అన్ని ఊర్లల్ల, అన్ని దేశాలల్ల ఇన్ని వేలమంది పెట్టించుకుంటున్నరు కద?

అక్క: పెట్టించుకుంటున్నరు. ఎక్కువగ వాడే సింక్రోమెడ్ పంపు మీదనే 2015 ఏప్రిల్‌ల అమెరికా ప్రభుత్వం కోర్టుకు పోయింది. తయారీ లోపాలు సరిచేసేదాక, తప్పనిసరి రోగులకు తప్ప అమ్మొద్దని మెడ్‌ట్రానిక్ కంపెనీ కోర్టుల ఒప్పుకోవాల్సొచ్చింది.

తమ్ముడు: ‘తప్పనిసరి రోగులకు తప్ప’ అన్న మాట నువ్వే చెప్తివి. లోపాలున్నయని తెలిసి కూడ కోర్టు మొత్తం బంద్ పెట్టలే. ఎందుకంటె ఆ పంపు లేకపోతె బతుకు ఎట్లుంటదో డాక్టర్లు చెప్పిన్రు. 2017ల ఆ అమ్మకం ఆంక్ష కూడ తీసేసిన్రు. మనోడు ఆ తప్పనిసరి రోగుల లెక్కల వస్తడా రాడా, అది మాట్లాడు.

అక్క: మాట్లాడుత. ముందు సైజు నుంచి మొదలుపెట్టు. ఎంతుంటది అది?

తమ్ముడు: సంక్రాంతికి అమ్మ చేసే సకినం అంత వెడల్పు. తొమ్మిది సెంటీమీటర్లకు జర తక్కువ. మందం రెండు సెంటీమీటర్లు. ఎక్కువ మందు పట్టేదైతె ఇంకొంచెం మందం. మందు లేకుండ 165 గ్రాముల బరువు.

అక్క: వాని పొట్ట మీద ఇప్పుడు తోలు తప్ప ఏమున్నది? ఏడాదిల సగమైండు. ఆ చర్మం కింద అంత బిళ్ల పెడితె అది ఒరుసుకుంటది, కుట్టు పిగులుతది, చీము పడ్తది. చీము పడితె మొత్తం తీసెయ్యాలె. తీస్తె మందు ఆగుతది. మళ్ల నేను చెప్పిన కాడికే వచ్చినం. ఇంకోటి, బ్యాటరీ ఎన్నేండ్లు?

తమ్ముడు: ఐదు నుంచి ఏడేండ్లు.

అక్క: బ్యాటరీ ఒక్కటే మార్చరు కద?

తమ్ముడు: లేదు. పంపు మొత్తం మార్చాలె.

అక్క: అంటె అరవై ఏండ్లు వచ్చేసరికి వాని పొట్ట ఇంకో నాలుగైదు సార్లు కోయాలె. ప్రతిసారి పంపు ధర లక్షలల్ల. మొదటిసారి అందరు చేతులు కలుపుతరు. పరిహారం పైసలుంటయి, ఊరోళ్లు చందాలేస్తరు. ఏడేండ్లకు పంపు అరిగినప్పుడు ఎవరొస్తరు? పంపు అరిగిందని మందు ఆపుకునే వీలు లేదు. ఒకసారి పెట్టినంక ఇంక పైసలు లేవు అనే మాట అనే హక్కు ఆ ఇంటికి ఉండది.

ఇక్కడ నా మాట ఒకటి చెప్పాలి. పంపు ఖరీదును ఆపరేషన్ బిల్లుతో కొలిచే అలవాటు మనం మానుకోవాలి. 2023 డిసెంబరులో తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. పేదవాళ్లకు అది పెద్ద ఊరట. కానీ ఏ పథకం కింద అయినా, ఏ దాత చేతి నుంచి అయినా పంపు ఇప్పించేవాళ్లు ఆ తర్వాతి రీఫిళ్లకు, పంపు మార్పిడికి కూడా మాట ఇవ్వాలి. అలా ఇవ్వలేనప్పుడు ఆ సంగతి ముందే రోగితో చెప్పాలి. పంపు అమర్చి పంపేస్తే సాయం చేసినట్టు కాదు, ఒక మనిషి ప్రాణాన్ని ఒక తేదీకి కట్టేసినట్టు. నేను ఈ విషయంలో అక్క పక్షం.

కానీ తమ్ముడి వాదన అక్కడితో అయిపోలేదు.

తమ్ముడు: పంపు పెడితె ఏమైతదో అంత చెప్తివి. పెట్టకపోతె ఏమైతదో కూడ చెప్పు. వాని మోకాళ్లు ఇట్లనే ముడుచుకుంట పోతె ఇంకొన్ని రోజులకు కీలు గడ్డకడ్తది. అప్పుడు ఏ మందు వేసిన సాగది. తొడలు అతుక్కొని లోపల చర్మం పాసిపోతది. రాత్రి కాళ్లు కొట్టుకుంటుంటె వాడు నిద్రపోడు, చెల్లె నిద్రపోదు. ఆమె నడుము ఇప్పటికే పోయింది. ఈ ఖర్చు ఏ బిల్లుల రాస్తవ్ నువ్వు?

అక్క: రాస్త. అందుకే అడుగుతున్న, పంపు దాక పోకముందు చేయాల్సినయి చేసినమా? కాళ్లు ఇంత ఎక్కువ ఎప్పటి సంది కొట్టుకుంటున్నయి?

తమ్ముడు: ఈ నెల రోజుల సంది మస్తు పెరిగింది.

అక్క: మూత్రం పరీక్ష చేయించినవా? కల్చర్? పైపు మీద ఉన్న మనిషి. మూత్రంల ఇన్‌ఫెక్షన్ ఉంటె వానికి నొప్పి తెల్వది, కాళ్లు మాత్రం ఎగురుతయి. మలబద్ధకం ఉన్న అంతే. నడుము కింద పుండు ఉన్న అంతే. నేను పోయిన ఐతారం వాన్ని పక్కకు తిప్పి చూసిన. తోకెముక మీద రూపాయి బిళ్లంత ఎర్రగ అయి, మధ్యల తోలు లేచింది. నువ్వు కాళ్లు సాపుతున్నవ్ కని నడుము చూస్తలేవు.

తమ్ముడు: పుండు సంగతి నాకు చెల్లె చెప్పలే.

అక్క: చెప్పదు. చెప్తె మనం ఆమెనే అంటమని భయం. ఆ పుండు మానకుండ ఏ సర్జన్ పంపు పెట్టడు, పెట్టొద్దు కూడ. పుండుల క్రిమి పంపు దాక పోతె, గొట్టం పట్టుకొని వెన్నుల నీళ్లలకు పోతది. మెదడు పొరలకు జ్వరమొస్తది. ముందు గాలి పరుపు తేవాలె, రెండు గంటలకోసారి పక్క మార్చాలె, కల్చర్ చేయించాలె. తొడ లోపలి కండరాలకు బోటాక్స్ సూది అడిగినవా?

తమ్ముడు: అడిగిన. మూడు నెలలకోసారి వేయాలె. ఒకటి రెండు కండరాలకైతె మంచిది. వానికి నడుము కింద మొత్తం బిగుసుకున్నది. అన్ని కండరాలకు వేసే అంత డోసు ఇయ్యరు. అందుకే డాక్టరు పంపు మాట ఎత్తిండు. నువ్వు చెప్పినయి అన్ని చేస్త. అన్ని చేసినంక కూడ కాళ్లు ఇట్లనే ఉంటె అప్పుడేమంటవ్?

అక్క: అప్పుడు ఊరి సంగతి అడుగుత. ఎన్ని రోజులని నీ ఇంట్ల ఉంటడు? ఊరికి పోతడు. 2023 జూలై 27 నాడు వాగు పొంగి మోరంచపల్లి ఎట్ల మునిగింది యాదికి తెచ్చుకో. ఇండ్ల మీదికెక్కిన మనుషులను హెలికాప్టర్లు పెట్టి తీసిన్రు. ఆ రోజు రీఫిల్ తేదీ అయితె వాన్ని హైదరాబాద్ ఎట్ల తీసుకపోతవ్? 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టిన్రు. చెక్‌పోస్టు కాడ పోలీసుకు పొట్టల పంపు గురించి ఏమని చెప్తవ్?

తమ్ముడు: దానికి నా దగ్గర లెక్క ఉన్నది, విను. పంపుల 20 మిల్లీలీటర్లదొకటి, 40దొకటి ఉంటయి. డోసు తక్కువ పడితె పెద్ద పంపుల మందు ఐదారు నెలలు వస్తది. ఆరు నెలలకు మించి అదే మందు లోపల ఉంచొద్దు కూడ. కాబట్టి రీఫిల్‌ను వానల ముందట పెట్టుకుంటం. మే ఆఖర్ల ఒకటి, దీపావళి దాటినంక ఒకటి, ఆనెంక మళ్ల మే రాకముందు నడుమ ఇంకోటి. వాగు పొంగే రోజులల్ల పంపు నిండుగ ఉంటది. తేదీ దగ్గర పడేదాక ఆగం, రెండు వారాల ముందే పోతం.

అక్క: డోసు ఎక్కువ పడితె?

తమ్ముడు: ఎక్కువ పడితె ఈ లెక్క కుదరది. అప్పుడు వానకాలం నాలుగు నెలలు వాడు హనుమకొండల, నా దగ్గర ఉంటడు.

అక్క: నీ పెండ్లాం ఒప్పుకుంటదా?

తమ్ముడు: ఆమెనే అన్నది ఈ మాట.

అక్క: ... ఆమెను పిలువు, ఆమెతోటి కూడ నేను మాట్లాడాలె. అది తర్వాత. తమ్మీ, ఇంకోటి ఉన్నది. వాడు మంచం కోడు పట్టుకొని ఒక నిమిషం నిలబడ్తడు చూసినవా? ఆ నిలబడేది కాళ్లల్ల బలంతోటి కాదు, బిగువుతోటి. బిగువు మొత్తం తీసేస్తె కాళ్లు మెత్తబడి కూలబడ్తడు. కుర్చీలకు మార్చేటప్పుడు ఇప్పుడు చెల్లె ఒక్కతె మారుస్తది. అప్పుడు ఇద్దరు కావాలె.

తమ్ముడు: అందుకే పెట్టకముందు టెస్ట్ డోసు ఉంటది. నడుముల సూదితోటి 50 మైక్రోగ్రాములు ఇస్తరు. అరగంట, గంటకు పనిచేసుడు మొదలైతది. నాలుగు గంటలకు పూర్తిగ తెలుస్తది. చాలకపోతె తెల్లారి 75, ఆ తెల్లారి 100. నూటికి కూడ కాళ్లు వదులు కాకపోతె పంపు మాట ఇంక లేదు. వదులైతె ఎంత వదులైతె పనికొస్తదో మన కండ్లతోటి చూడొచ్చు. పంపు పెట్టినంక డోసు ఒక్కసారి పెంచరు. కొంచెం బిగువు ఉంచి పెంచుకుంట పోతరు. అది మీటల పని, గోలీల లెక్క కాదు.

అక్క: టెస్టు చేయించు. దానికి నేను అడ్డం రాను. కని వాన్ని అడిగినవా? వాడు ఏం కావాలంటున్నడు? నువ్వు, నేను, డాక్టరు, చెల్లె మాట్లాడుతున్నం. ఆ పిల్లగాడు ఒక్క మాట మాట్లాడంగ నేను వినలే.

తమ్ముడు: అడిగిన. నడుస్తననే ఆశ వానికి లేదు. పంపు పెడితె నడుస్తడని నేను కూడ చెప్పలే, చెప్తె పాపం. వాడన్నది ఒకటే. కల్లు మండువల కూసుంటడట. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. వాళ్లన్న చెట్లెక్కి కల్లు దించుతడు, వీడు కూసుండి పోస్తడు, పైసలు తీసుకుంటడు. ఇప్పుడు కుర్చీల కూసోబెడితె కాళ్లు కొట్టుకొని కిందికి జారుతడు. గోలీ డోసు పెంచిన జారుడు ఆగలే, పైంగ కూసున్న కాడ్నే నిద్రపోతడు. పైసల లెక్క తప్పుతది. నలుగురు కూసున్న కాడ అట్ల నిద్రపోవుడు వానికి ఇష్టం లేదు.

నెలల తరబడి ఇంట్లో పంపు మాట నడిచింది. కానీ ఈ యంత్రం ఎందుకు కావాలన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడే వినపడింది. కాన్సర్ నొప్పికి ఇలాంటి పంపునే మార్ఫిన్‌తో పెట్టించాలా అని ఆలోచించే ఇళ్లలో కూడా ఈ ప్రశ్నే ముందు అడగాలని నేను గట్టిగా అనుకుంటాను. నోటితో 300 మిల్లీగ్రాముల మార్ఫిన్ చేసే పని వెన్నులో ఒక్క మిల్లీగ్రాముతో అవుతుందని డాక్టర్లు లెక్క చెబుతారు. అది గొప్ప విషయమే. కానీ చాలామందికి గోలీ మార్ఫిన్ సమయానికి దొరికితేనే బాధ తగ్గుతుంది. అందుకు అడ్డుగా ఉన్న మత్తుమందుల చట్టాన్ని 2014లో సవరించారు కూడా. ఎవరికి గోలీ చాలు, ఎవరికి పంపు కావాలి అన్నది తేలాలంటే ఆ మనిషి రోజు ఎలా గడవాలనుకుంటున్నాడో ముందు తెలియాలి.

అక్క: మండువల కూసునుడు... నాకెవరు చెప్పలే ఈ మాట.

తమ్ముడు: నువ్వు అడగలే.

అక్క: సరే. పుండు మానాలె. కల్చర్ మంచిగ రావాలె. ఆనెంకనే టెస్టు. టెస్టు మంచిగున్న కూడ, రీఫిల్ ఎవరు చేస్తరు, ఆ డాక్టరు బదిలీ అయితె ఎవరు చూస్తరు, అర్ధరాత్రి గొట్టం విరిగితె వరంగల్‌ల ఎవరికి చూపించాలె, ఈ మూడు కాగితం మీద రాసియ్యాలె. అది లేకుండ నేను ఒప్పుకోను.

తమ్ముడు: రాసియ్యకపోయిన, వాడు కావాలంటె?

అక్క: సంతకం వానిది. నేను మాత్రం వద్దనే చెప్త.

తమ్ముడు: నేను పెట్టించుకో అనే చెప్త.

అక్క: చెప్పు. ఇద్దరి మాట వినని వాన్ని. కని టెస్టు నాడు ఒక పని చెయ్యి. సూది ఇచ్చినంక ఆ డాక్టర్లు మంచం మీద పండబెట్టి కాలు వంచి చూసి, వదులైంది అని రాసుకుంటరు. నువ్వు అంతటితోటి ఊకోకు. తలనొప్పి లేకపోతె, డాక్టరు సరే అంటె, నాలుగో గంటకు వాన్ని కుర్చీల కూసోబెట్టు. మంచి కుర్చీ కాదు, మండువల ఉండేటి ప్లాస్టిక్ కుర్చీ తీసుకపో. ఒక చెంబు, గ్లాసులు, చిల్లర పైసలు చేతికియ్యి. ఎంతసేపు జారకుండ కూసుంటడో, లెక్క ఎట్ల చెప్తడో రాసుకో. నేను కూడ వస్త.